స్టెరాయిడ్లు డీఎన్‌ఏని పాడుచేస్తాయా? ముందు అది ఏ స్టెరాయిడో చూడాలి

ప్రశ్న కూకట్‌పల్లి నుంచి వచ్చింది. కుదించి చెబితే ఇదీ: "స్టెరాయిడ్ హార్మోన్లు డీఎన్‌ఏని దెబ్బతీసి క్యాన్సర్ తెస్తాయని చదివాను. మా ఇంట్లో ముగ్గురు వాడుతున్నారు. అమ్మకి ఆస్తమా, 9 ఏళ్లుగా ఇన్‌హేలర్. అక్కకి 38వ ఏట గర్భసంచి, అండాశయాలు తీసేశారు, ఇప్పుడు 41, రోజూ ఈస్ట్రోజన్ మాత్ర వేసుకుంటోంది. తమ్ముడు జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు, మాత్రలు తీసుకుంటున్నాడని ఈమధ్యే తెలిసింది. ఇంట్లో అందరికీ టెన్షన్. అన్నీ మాన్పించేయాలా?"

నేను పాథాలజిస్టుని. మందులు రాసిచ్చే డాక్టర్ని కాదు. గడ్డలోంచి తీసిన ముక్క నా దగ్గరికి వస్తుంది, అదేమిటో మైక్రోస్కోపు కింద చూసి చెప్పడం నా పని. హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. హార్మోన్ల గురించి నాకు తెలిసిందంతా ఎక్కువగా అవి కణాల మీద వదిలిన గుర్తుల నుంచి నేర్చుకున్నదే.

సూటిగా జవాబు ముందు చెప్పేస్తాను. కొన్ని స్టెరాయిడ్ హార్మోన్లు క్యాన్సర్ ముప్పు పెంచుతాయన్నది నిజం. వాటిలో ఈస్ట్రోజన్‌కి డీఎన్‌ఏని నేరుగా గాయపరిచే గుణం కూడా ఉంది. కానీ మీ అమ్మగారి ఇన్‌హేలర్‌లో ఉన్నది ఆ రకం కాదు. అమ్మగారు మానకూడదు. అక్క తనంతట తాను మానకూడదు, డాక్టర్‌తో మాట్లాడాలి. తమ్ముడు మాత్రం ఆపాల్సిందే, అదీ డాక్టర్ దగ్గరికి వెళ్లి.

ఇక కారణాలు.

స్టెరాయిడ్ అనేది ఒక మందు పేరు కాదు, ఇంటిపేరు. కొలెస్ట్రాల్ నుంచి మన ఒళ్లు తయారు చేసుకునే, నాలుగు వలయాలు అతుక్కున్న ఆకారం ఉన్న పదార్థాలన్నిటికీ ఆ పేరే. కార్టిసాల్, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్ అన్నీ ఆ ఇంటివే. విటమిన్ డి కూడా దగ్గరి చుట్టమే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరి బుద్ధీ ఒకటి కాదని మనకి తెలియంది కాదు. కానీ మన దగ్గర "వాడికి స్టెరాయిడ్ ఎక్కించారంట" అన్న ఒక్క మాటతో ప్రెడ్నిసొలోన్ మాత్రా, జిమ్ ఇంజెక్షనూ, ముఖానికి రాసుకునే క్రీమూ ఒకే గాట కట్టేస్తారు.

మీరు చదివిన దాంట్లో ఒక ముక్క మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. ఈ హార్మోన్లు కణం బయట నిలబడి తలుపు కొట్టి వెళ్లిపోయే రకం కాదు. లోపలికి వెళ్లి తమ రిసెప్టర్‌ని, అంటే తమని అందుకునే ప్రోటీన్‌ని, పట్టుకుంటాయి, ఆ జంట కేంద్రకంలో డీఎన్‌ఏ మీద కూర్చుని ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో చెబుతుంది. డీఎన్‌ఏ దాకా వెళ్తాయి కాబట్టి దాన్ని పాడుచేస్తాయి అనుకోవడం సహజం. కానీ వెళ్లి స్విచ్ వేయడం వేరు, వైరు తెంపడం వేరు.

ఈస్ట్రోజన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, అసలు కథ దానిదే.

రొమ్ము గడ్డ బయాప్సీ వచ్చినప్పుడు ఈఆర్ అని ఒక పరీక్ష చేస్తాం. ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉన్నచోట గోధుమరంగు పడుతుంది, లేనిచోట కేంద్రకం లేత నీలంగా ఉండిపోతుంది. పాజిటివ్ స్లైడ్‌ని మైక్రోస్కోపు కింద పెడితే కణాల్లో చుట్టూ ఉన్న భాగం తెల్లగా ఉండి, నడిమధ్య కేంద్రకాలు మాత్రం చిక్కటి కాఫీ డికాషన్ చుక్కల్లా కనిపిస్తాయి. పక్కనే మామూలు పాలనాళం ఒకటి ఉంటుంది సాధారణంగా. అందులో అక్కడొకటి ఇక్కడొకటి గోధుమ చుక్క ఉంటుంది. గడ్డలో ఏ మూల చూసినా అదే రంగు. సగానికి పైగా రొమ్ము క్యాన్సర్లు ఇలా ఈఆర్ పాజిటివే. అంటే ఆ కణాలు ఈస్ట్రోజన్ మేత మీద బతుకుతున్నాయి. 1896లో జార్జ్ బీట్సన్ అనే స్కాట్లాండ్ సర్జన్ ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీకి అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గిందని రాశాడు. అప్పటికి హార్మోన్ అన్న మాటే పుట్టలేదు.

ఈస్ట్రోజన్ చేసే ప్రధానమైన పని కణాన్ని విభజించమని తొందరపెట్టడం. ప్రతి విభజనకీ దాదాపు 600 కోట్ల అక్షరాల డీఎన్‌ఏని కొత్తగా నకలు తీయాలి. కణంలో తప్పులు దిద్దే యంత్రాంగం గొప్పదే, కానీ పని పెరిగేకొద్దీ దాని కన్నుగప్పి మిగిలిపోయే తప్పులూ పెరుగుతాయి. ఇక్కడ హార్మోన్ డీఎన్‌ఏని ముట్టుకోలేదు, పనివాళ్లని ఊపిరాడకుండా పరిగెత్తించిందంతే. హార్మోన్ వల్ల పెరిగే ముప్పులో పెద్ద వాటా ఇదేనని నా అభిప్రాయం.

రెండో దారి రసాయనికం. మీరు చదివింది బహుశా దీని గురించే. ఒంట్లో ఉండే ప్రధాన ఈస్ట్రోజన్ పేరు ఈస్ట్రడయోల్, దాన్ని ఒళ్లు వదిలించుకునే క్రమంలో సీవైపీ1బీ1 అనే ఎంజైమ్ దాన్ని 4-హైడ్రాక్సీ ఈస్ట్రడయోల్‌గా మారుస్తుంది. మామూలుగా అయితే కామ్ట్ అనే ఇంకో ఎంజైమ్ వచ్చి దానికి ఒక మిథైల్ తగిలించి నోరు కట్టేస్తుంది. అలా కట్టేయని భాగం క్వినోన్‌గా మారుతుంది. ఈ క్వినోన్ డీఎన్‌ఏలోని అడెనిన్, గ్వానిన్ అనే అక్షరాలకి అతుక్కుని వాటిని ఊడదీసుకుని పోతుంది. నిచ్చెనలో ఒక మెట్టు సగం ఊడిపోయినట్టు అక్కడ ఖాళీ మిగులుతుంది. దానికి తోడు ఈ క్వినోన్ అటూ ఇటూ మారుతూ ఉన్నంతసేపూ చురుకైన ఆక్సిజన్ అణువులు పుడుతుంటాయి, అవి ఇంకొంత గీరుతాయి. మగ సిరియన్ హ్యామ్‌స్టర్లకి ఈస్ట్రోజన్ ఇస్తే మూత్రపిండాల్లో కణితులు వచ్చిన పాత ప్రయోగాలు ఈ ఆలోచనకి బలం ఇచ్చాయి.

అయితే ఇక్కడ రెండు మాటలు కలపాలి. ఏ హార్మోనూ లేకపోయినా ప్రతి కణంలో రోజుకి వేల మెట్లు వాటంతటవే ఇలా ఊడిపోతుంటాయి, కణం వాటిని బాగుచేసుకుంటూనే ఉంటుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో విప్పి చెప్పినందుకే టోమస్ లిండాల్‌కి 2015 రసాయనశాస్త్ర నోబెల్ పంచి ఇచ్చారు. రెండోది, బ్యాక్టీరియా మీద చేసే మామూలు మ్యుటేషన్ పరీక్షల్లో ఈస్ట్రడయోల్ పెద్దగా పట్టుబడదు. పొగాకు పొగలోని రసాయనాల్లాగా కనిపించిన డీఎన్‌ఏనల్లా చీల్చే విషం కాదది. గాయపరచగలదు, నిజమే. స్త్రీలలో వచ్చే క్యాన్సర్లలో ఈ దారి వాటా ఎంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

మూడోది త్వరగా చెప్పేస్తాను. రిసెప్టర్ డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువుల్ని గట్టిగా పనిచేయిస్తున్నప్పుడు, మెలికలు విప్పడం కోసం కణం తన డీఎన్‌ఏ పోగుల్ని తనే కోసి మళ్లీ అతుకుతుంది. ఒక్కోసారి అతుకు తప్పు చోట పడుతుంది. రొమ్ము క్యాన్సర్లలో క్రోమోజోములు తెగి తప్పుగా అతుక్కున్న చోట్లు ఈస్ట్రోజన్ రిసెప్టర్ కూర్చునే చోట్ల దగ్గరే ఎక్కువగా ఉన్నాయని 2023లో హార్వర్డ్ బృందం నేచర్‌లో చూపించింది. ప్రోస్టేట్‌లో టెస్టోస్టిరాన్ వర్గం హార్మోన్లు ఇలాగే రెండు జన్యువుల్ని పక్కపక్కకి లాగి అతికించగలవని అంతకుముందే తెలుసు. బీఆర్‌సీఏ జన్యువులు చేసే పని కూడా ఇలాంటి తెగిన పోగుల్ని సరిగ్గా అతకడమే. అవి పుట్టుకతో పాడై ఉన్న ఇళ్లలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఎందుకు వరసగా వస్తాయో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది.

సరే, లెక్క ఎంత? అక్క విషయానికి ఇదే కీలకం.

అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ముట్లుడిగిన 16,608 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందు) రెండూ కలిపి ఇచ్చారు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. మందు లేనివాళ్లలో ఏడాదికి 10,000 మందికి 30 రొమ్ము క్యాన్సర్లు, మందు తీసుకున్నవాళ్లలో 38. అంటే 8 ఎక్కువ. పేపర్లలో ఇది "26 శాతం పెరిగింది" అని వచ్చింది. రెండూ ఒకటే లెక్క, కానీ వినేవాళ్ల గుండె దడలో చాలా తేడా. అదే అధ్యయనంలో గర్భసంచి తీసేసిన స్త్రీలకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, ఎక్కువ ఏళ్లు చూస్తే కాస్త తగ్గింది కూడా. గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే మాత్రం లోపలి పొర పెరిగి పెరిగి క్యాన్సర్ అయ్యే ముప్పు బాగా ఎక్కువ, ఇది 1975 నుంచి తెలిసిన విషయం. అందుకే గర్భసంచి ఉన్నవాళ్లకి ప్రొజెస్టిన్ కలుపుతారు.

మీ అక్క ఆ అధ్యయనంలోని వాళ్లలాంటిది కూడా కాదు. వాళ్లు 50 దాటినవాళ్లు. ఈమెకి 41. ఈ వయసులో ఒంట్లో ఉండాల్సిన ఈస్ట్రోజన్‌నే మాత్రగా తిరిగి ఇస్తున్నారు, పైన పోయడం లేదు. 38కే అండాశయాలు పోయి, హార్మోన్ కూడా లేకుండా వదిలేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు త్వరగా రావడం లాంటివి ఉంటాయి. అందుకే మామూలుగా ముట్లుడిగే వయసు దాకా, అంటే 50కి అటూ ఇటూ, కొనసాగించమనే చెబుతారు. దీనికి మినహాయింపులు ఉన్నాయి: ఇదివరకే రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే, లివర్ జబ్బుంటే, అమ్మవైపు నాన్నవైపు చిన్న వయసులో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చి ఉంటే. అప్పుడు లెక్క మారుతుంది.

ఇంకో మాట. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడం మన రెండు రాష్ట్రాల్లో దేశంలోకెల్లా ఎక్కువ. తీసిన గర్భసంచిని ప్లాస్టిక్ డబ్బాలో ఫార్మలిన్ పోసి, బంధువుల చేతికిచ్చి ల్యాబ్‌కి పంపుతారు. ఆ డబ్బా బస్సులో ఒళ్లో పెట్టుకుని మా కౌంటర్ దాకా తెచ్చే భర్తల్ని, తమ్ముళ్లని ఎంతమందినో చూశాను. రిపోర్టు తీసుకుపోవడానికి తిరిగొచ్చేవాళ్లు మాత్రం తక్కువ. కుట్లు విప్పేశాక ఎవరికీ దానితో పని ఉండదు. మా బీరువాలో అలా మిగిలిపోయిన కవర్లు ఒక అర నిండా ఉన్నాయి. అక్కకి ఎందుకు తీశారు, లోపలి పొర ఎలా ఉంది, అండాశయంలో ఏమైనా ఉందా అన్నది ఆ కాగితంలో ఉంటుంది. ఈస్ట్రోజన్ మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది ఆ కాగితం చూడకుండా ఎవరూ చెప్పకూడదు.

అమ్మగారి సంగతి. ఆస్తమా ఇన్‌హేలర్లలో స్టెరాయిడ్ ఉంటే అది బ్యూడెసొనైడ్ లాంటి కార్టిసాల్ వర్గానిది. ఇవి రొమ్ము కణాన్నో గర్భసంచి పొరనో పెంచే రకం కాదు. డీఎన్‌ఏని గీరే క్వినోన్ గొడవ వీటికి లేదు. పైగా లింఫోసైట్లనే తెల్లకణాల్ని ఇవి చంపుతాయి. అందుకే పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కీ, లింఫ్ గ్రంథుల క్యాన్సర్ లింఫోమాకీ, ఎముక మజ్జలో వచ్చే మైలోమాకీ ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ చికిత్సలోనే భాగం. ఏది క్యాన్సర్ తెస్తుందని మీరు భయపడుతున్నారో అదే వర్గపు మందు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో రోజూ క్యాన్సర్‌కి వైద్యంగా ఇస్తున్నారు. మోతాదు కూడా చూడండి: ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కి 100, 200 మైక్రోగ్రాములు. 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్ర అంటే 40,000 మైక్రోగ్రాములు. మందులు వేరు కాబట్టి నేరుగా పోల్చకూడదు గానీ, ఏ స్థాయి తేడానో తెలుస్తుంది కదా.

ఈ భయంతో ఇన్‌హేలర్ పక్కన పెట్టేసి, మృగశిర కార్తె రాగానే చేపమందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో లైన్లో నిలబడేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. నమ్మకం వాళ్లిష్టం, నేనేమీ అనను. ఇన్‌హేలర్ ఇంట్లో వదిలి వెళ్లకండి అని మాత్రం ప్రతి జూన్‌లోనూ ఫోన్ చేసి చెబుతాను.

కార్టిసాల్ వర్గం మందులకి అసలు ముప్పే లేదని కాదు. పెద్ద మోతాదులో నెలలు, ఏళ్లు మింగితే రోగనిరోధక శక్తి మొద్దుబారుతుంది. అప్పుడు టీబీ లేస్తుంది, షుగర్ పెరుగుతుంది. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోవడం ఎవరూ మరిచిపోలేదు, షుగరూ స్టెరాయిడూ కలిస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. నిరోధక శక్తి తగ్గినవాళ్లలో కపోసి సార్కోమా అనే అరుదైన క్యాన్సర్, కొన్ని చర్మ క్యాన్సర్లు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. ఇక్కడ కూడా డీఎన్‌ఏని తెంపింది మందు కాదు, కాపలావాణ్ణి నిద్రపుచ్చింది.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. నాలుగేళ్ల కింద 19 ఏళ్ల అబ్బాయి, మెడలో గడ్డ. ఊళ్లో ఒక క్లినిక్‌లో జ్వరం మాత్రలతో పాటు రెండు వారాలు డెక్సామెథాసోన్ ఇచ్చారు. గడ్డ కరిగింది, ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. మళ్లీ పెరుగుతుంటే బయాప్సీకి పంపారు, అప్పటికీ మాత్రలు ఆపలేదు. స్లైడ్‌లో నాకు కనిపించింది కణాల దయ్యాలు: రంగు పట్టని గులాబీ ఆకారాలు, కేంద్రకాలు లేవు, మధ్యమధ్యలో చెత్త ఊడ్చుకుంటున్న మ్యాక్రోఫేజ్‌లు. ఏదో చచ్చిపోయింది, ఏది చచ్చిందో చెప్పలేను. రిపోర్టులో "నిర్ధారించడానికి చాలదు" అని రాయాల్సి వచ్చింది. ఆ మందు ఆపి, గడ్డ తిరిగి పెరిగేదాకా ఆగి, రెండోసారి కోస్తే గానీ అది లింఫోమా అని తేలలేదు. మధ్యలో ఏడు వారాలు పోయాయి. గడ్డ ఏదో తేలకముందే స్టెరాయిడ్ వాడొద్దు అని నేను అందరితోనూ పోట్లాడేది ఇందుకే.

ఇక తమ్ముడు.

జిమ్ స్టెరాయిడ్లు టెస్టోస్టిరాన్ తోబుట్టువులు. క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ వీటిని "బహుశా క్యాన్సర్ కారకాలు" అనే 2ఏ వర్గంలో పెట్టింది. కలిపి ఇచ్చే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ మాత్రలు 1వ వర్గం. ఇది చూసి కంగారు పడకండి, ఆ వర్గాలు సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయి, ముప్పు ఎంత పెద్దదో కాదు. టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువై డాక్టర్ పర్యవేక్షణలో తీసుకునేవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ గుర్తించదగినంతగా పెరగలేదని 5,000 మందికి పైగా మగవాళ్లపై చేసి 2023లో వెలువరించిన అధ్యయనంలో తేలింది. జిమ్‌లో వాడే మోతాదు దానికి చాలా రెట్లు. ఆ మోతాదులో అలాంటి అధ్యయనం ఎవరూ చేయరు, చేయనివ్వరు కూడా.

వీటిలో లివర్‌ని ఎక్కువగా పట్టేవి నోటి మాత్రలు. లివర్‌లో త్వరగా విరిగిపోకుండా వాటి అణువుకి చిన్న మార్పు చేస్తారు, ఆ మార్పే లివర్‌కి భారం. నాకు వచ్చిన కేసు ఒకటి: 27 ఏళ్లు, కుడి పక్క నొప్పి, స్కాన్‌లో 6 సెంటీమీటర్ల గడ్డ. సూది బయాప్సీలో వరుసగా పేర్చినట్టున్న లివర్ కణాలు, మధ్యలో దిక్కులేని రక్తనాళాలు. అడెనోమా, అంటే ఇంకా క్యాన్సర్ కాని గడ్డ. ఇది సాధారణంగా ఆడవాళ్లలో, ఏళ్ల తరబడి గర్భనిరోధక మాత్రలు వాడినవాళ్లలో కనిపించేది. ఫారం మీద "మగ" అని చూసి, పేర్లు తారుమారయ్యాయేమో అని మొదట మా టెక్నీషియన్ మీద అరిచాను. తర్వాత సర్జన్‌కి ఫోన్ చేసి "జిమ్‌కి వెళ్తాడా, అడగండి" అన్నాను. వెళ్తాడు, ఒకటిన్నర ఏడాదిగా మాత్రలు. మగవాళ్లలో అడెనోమా క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువ కాబట్టి చిన్నదైనా కోసి తీసేస్తారు. అతనికీ తీశారు, బాగానే ఉన్నాడు. టెక్నీషియన్‌కి నేను ఇంకా సారీ చెప్పలేదు, ఇది చదువుతాడని ఆశ.

తమ్ముడికి క్యాన్సర్ పేరు చెప్పి భయపెడితే వినకపోవచ్చు, ఆ వయసులో ఎవరూ వినరు. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే వృషణాలు పని మానేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి అని చెప్పి చూడండి. పెళ్లి సంబంధాలు చూసే వయసు అయితే ఆ మాట పనిచేస్తుంది. ఆపాక కొన్ని నెలలు నీరసం, దిగులు ఉంటాయి. ఆ నీరసానికే మళ్లీ మొదలుపెడతారు. అందుకే ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లమంటున్నాను. లివర్ పరీక్షలు, కడుపు స్కాన్, హిమోగ్లోబిన్, హార్మోన్ స్థాయులు చూస్తారు.

మీరు అడగలేదు గానీ ఇంట్లో ఆడవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. వ్రతాలకీ, పెళ్లిళ్లకీ, తిరుపతి ప్రయాణానికీ నెలసరి వాయిదా వేసుకునే మాత్ర నోరెథిస్టిరాన్. అదీ ఈ ఇంటిదే. ఏడాదికోసారి నాలుగు రోజులు వేసుకుంటే క్యాన్సర్ భయం పెట్టుకోనక్కర్లేదు. అసలు చూడాల్సింది రక్తం గడ్డకట్టే ముప్పు. ఈ మాత్రలో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఇంతకుముందు కాలిలో గడ్డకట్టినవాళ్లు మందుల షాపులో అడిగి కొనేసి వేసుకోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: అక్క ఆపరేషన్ తర్వాతి బయాప్సీ రిపోర్టులో చివరి పేరా, తమ్ముడి సీసా మీదా మాత్రల అట్ట మీదా ఉన్న పేర్లు, ఈ రెండూ ఇక్కడే టైప్ చేసి పెట్టండి, చూసి చెబుతాను. రిపోర్టు ల్యాబ్‌లోనే ఉండిపోయి ఉంటే ఆపరేషన్ తేదీ చెప్పి నకలు అడగండి, ఇస్తారు. అమ్మగారి గురించి ఇంకేమీ పంపక్కర్లేదు. పఫ్ తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్ముతున్నారా లేదా అన్నది మాత్రం రేపు పొద్దున పక్కన నిలబడి చూడండి.